ముగ్గురూ పీఎంలే, కానీ జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు వేరు

ప్రశ్న: మేడమ్, నా వయసు 33. మాది ఖమ్మం. ఎనిమిదేళ్ళుగా గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీలో పని చేస్తున్నాను. మొదట టెస్టింగ్, ఇప్పుడు బిజినెస్ అనలిస్ట్. ఒకేసారి మూడు అవకాశాలు వచ్చాయి. మా కంపెనీలోనే ప్రాజెక్ట్ మేనేజర్‌గా ప్రమోషన్ ఇస్తామంటున్నారు. నానక్‌రామ్‌గూడలో ఒక విదేశీ బ్యాంకు సెంటర్ నుంచి ప్రోగ్రామ్ మేనేజర్ ఆఫర్ వచ్చింది. కొండాపూర్‌లో పాతికమంది ఉన్న ఒక స్టార్టప్ ప్రోడక్ట్ మేనేజర్‌గా రమ్మంటోంది. స్కూలు ఫీజులు కట్టే యాప్ వాళ్ళది. ఇంటర్వ్యూలో ఫౌండర్ గారు ‘ఐడియాలు నా దగ్గర చాలా ఉన్నాయి, వాటిని డెవలపర్ల చేత టైముకి చేయించే మనిషి కావాలి’ అన్నారు. డల్లాస్‌లో ఉన్న మా మరిది ప్రోడక్ట్ అయితేనే భవిష్యత్తు అంటాడు. మా వారు ఉన్నచోటే ఉండమంటున్నారు. ఇంటి లోను ఉంది, పాపకు నాలుగేళ్ళు. పోయినేడాది ఒక బీమా కంపెనీకి మేము చేసిన పని చెప్పిన రోజుకే పూర్తయింది, ఆఫీసులో కేక్ కూడా కోశాం. దాన్ని అక్కడ ఎవరైనా వాడుతున్నారో లేదో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే ‘మనకెందుకు’ అన్నారు. అసలు ఈ మూడు ఉద్యోగాలకూ తేడా ఏమిటి? నేను దేనికి పనికొస్తాను? ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్ చేస్తే మంచిదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ కేకు సంగతి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ప్రాజెక్ట్, ప్రోగ్రామ్, ప్రోడక్ట్ మేనేజర్లు ముగ్గురినీ పొట్టిగా పీఎం అనే అంటారు, ముందు వాళ్ళ తేడా చెబుతాను. నిర్వచనాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి, నా కళ్ళ ముందు జరిగింది చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం నేను ఒక చిన్న కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. కొత్త వెర్షన్‌ని అనుకున్న రోజుకే, అనుకున్న ఖర్చులోనే ఇచ్చాం. నా షీటులో ప్రతి వరుసా పచ్చగా ఉంది, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. మూడు నెలల తర్వాత ఫీల్డ్ కుర్రాళ్ళు వచ్చి చెప్పిందేమిటంటే, సగం షాపుల్లో కంప్యూటర్ ఆన్‌లోనే ఉంటోంది కానీ సాయంత్రమైతే చేత్తోనే బిల్లు రాస్తున్నారట.

అప్పుడే మా దగ్గర ఒకాయన ప్రోడక్ట్ మేనేజర్‌గా చేరారు. ఆయన మమ్మల్నెవరినీ ఏమీ అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెడికల్ షాపుకెళ్ళి, రెండు సాయంత్రాలు కౌంటర్ పక్కన నిలబడ్డారు. రెండో రోజు నన్నూ తీసుకెళ్ళారు. పైన డాక్టర్ గారి క్లినిక్ నుంచి ఏడింటికి జనం ఒక్కసారిగా దిగుతారు. ఒకాయన చీటీ ఇచ్చి ‘నాలుగు చాలండి’ అన్నాడు. షాపాయన పది మాత్రల స్ట్రిప్ తీసి, కత్తెరతో నాలుగు కోసి ఇచ్చాడు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు ముక్కను జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ నాలుగు మాత్రలకు మా స్క్రీన్ మీద బిల్లు వేయాలంటే, పరిమాణం దగ్గర 0.4 అని కొట్టాలి. ఎందుకంటే మేము స్ట్రిప్‌నే లెక్కగా పెట్టుకున్నాం. పదిహేను మాత్రల స్ట్రిప్ అయితే నాలుగింటికి 0.27. ఎదురుగా ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఆయన రెండు సార్లు ప్రయత్నించాడు, మూడోసారి కీబోర్డు పక్కకు నెట్టి బిల్లు పుస్తకం తీశాడు.

‘విడి మాత్రలు’ అని స్క్రీన్ మీద ఒక్క గడి పెడితే తీరిపోయే బాధ అది. మా ప్లానులో ఆ గడి లేదు. క్లయింట్ అడిగిన జాబితాలోనూ లేదు. నా పనిలో తప్పు ఎక్కడని వెతికితే దొరకదు, ఎందుకంటే నన్ను అడిగిన ప్రశ్న ‘చెప్పినదాన్ని చెప్పిన రోజుకి ఇచ్చావా?’ అన్నదే. ఇచ్చాను. ఆయన్ని అడిగే ప్రశ్న వేరు: ‘ఇది ఎవరికైనా పనికొచ్చిందా? అసలు ఏది చేయాలి, ఏది చేయకూడదు?’ ప్రాజెక్ట్ మేనేజర్‌కీ ప్రోడక్ట్ మేనేజర్‌కీ ఉన్న తేడా ఆ రోజు కౌంటర్ దగ్గర అర్థమైనంత బాగా నాకు ఏ శిక్షణలోనూ అర్థం కాలేదు.

అలాగని ప్రాజెక్ట్ మేనేజర్ పని చిన్నదని మీ మరిదిలాగా అనుకోవద్దు. అదే కంపెనీలో 2017 వచ్చింది. జులై 1 నుంచి జీఎస్‌టీ. ఆ తేదీని కదిపే శక్తి మాలో ఎవరికీ లేదు. ఆ అర్ధరాత్రి దాటాక మొదటి బిల్లు కొత్త పద్ధతిలో రావాల్సిందే. అప్పట్లో మందుల్లో ఎక్కువ వాటి మీద 12 శాతం, కొన్నింటి మీద 5 శాతం. ప్రతి సరుకుకూ దాని రకాన్ని బట్టి హెచ్‌ఎస్‌ఎన్ అనే కోడ్. అరల్లో ఉన్న సరుకేమో పాత పన్ను వ్యాట్ కట్టి కొన్నది. ప్రోడక్ట్ మేనేజర్ దగ్గర నలభై కోరికల జాబితా ఉంది, ప్రతిదీ అవసరమైనదే. మాకున్నది ఆరు వారాలు. అప్పుడు ఆ జాబితా ముందు కూర్చుని, దేనికి ఎన్ని రోజులు పడుతుంది, ఏది ఆగితే ఏది ఆగుతుంది, ఎవరు సెలవులో ఉన్నారు, ఏది జులై 1 ఉదయానికి లేకపోతే షాపు తలుపు తీయలేడు, ఏది పదో తేదీకి ఇచ్చినా నడుస్తుంది అని ఒక్కొక్కటీ తేల్చినవాడు ప్రాజెక్ట్ మేనేజరే. రిపోర్టులన్నీ వెనక్కి నెట్టాం. బిల్లు నమూనా, పన్ను లెక్క, కోడ్‌లు ముందుకొచ్చాయి. మొదటి తేదీ ఉదయం షాపుల్లో బిల్లులు వచ్చాయి. ఆ మనిషి లేకపోతే ఎంత మంచి ఆలోచన ఉన్నా ఆ రోజు మేము మునిగేవాళ్ళం.

ఇక ప్రోగ్రామ్ మేనేజర్. ఈ పదవి గురించే జనానికి ఎక్కువ తికమక. దాన్నీ ఆ జులై నుంచే చూపిస్తాను. షాపు బిల్లింగ్ ఒక ప్రాజెక్టు. షాపులకు సరుకిచ్చే ఏజెన్సీల సాఫ్ట్‌వేర్ మరొకటి, అదీ మాదే. ఆడిటర్లకు రిటర్నుల ఫైలు తయారుచేసేది ఇంకొకటి. షాపుల వాళ్ళకు ట్రైనింగ్ ఒకటి, ఫోన్లో సందేహాలు తీర్చే సపోర్ట్ ఒకటి. ఐదింటికీ ఐదుగురు మనుషులు, ఎవరి షీటు వాళ్ళది. జూన్ రెండో వారానికి షాపు బిల్లింగ్ పచ్చగా ఉంది. ఏజెన్సీ వైపు పది రోజులు వెనకబడింది. బిల్లింగ్ టీమ్‌కి అది పట్టింపు కాదు, వాళ్ళ పని వాళ్ళు చేశారు. కానీ ఏజెన్సీ నుంచి వచ్చే బిల్లులో కోడ్ లేకపోతే షాపాయన ప్రతి మందుకూ చేత్తో కొట్టుకోవాలి. అంటే ఒక ప్రాజెక్టు గెలిచినా మొత్తం ఓడినట్టే. ఇది చూసింది మా ప్రోగ్రామ్ మేనేజర్. ఆమె కింద ఒక్క మనిషి కూడా రిపోర్ట్ చేసేవారు కాదు. ఐదుగురిలో ఎవరినీ ఆజ్ఞాపించే హక్కు లేదు. బిల్లింగ్ టీమ్ లీడ్ దగ్గరికెళ్ళి ఆయన్ని ఒప్పించి, ఇద్దరు డెవలపర్లను రెండు వారాలు ఏజెన్సీ వైపు కూర్చోబెట్టింది. ట్రైనింగ్ వాళ్ళ తేదీలు నాలుగు రోజులు జరిపింది. పై వాళ్ళకు ఒక్క పేజీలో నిజం రాసింది. ప్రోగ్రామ్ మేనేజర్‌ని అడిగే ప్రశ్న ఇదీ: ‘ఈ పనులన్నీ ఒకదానితో ఒకటి కలిసి, మనం అనుకున్న ఫలితం ఇస్తాయా?’ ప్రాజెక్టులకు చివరి రోజు ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఆ చివరి రోజులన్నిటినీ ఒకదానికొకటి ముడివేయాలి. ప్రోడక్ట్‌కైతే చివరి రోజే ఉండదు, జనం వాడినంత కాలం ఆ మనిషికి పని ఉంటుంది.

మరి ఇంత తేడా ఉంటే పేర్లెందుకు కలిసిపోయాయంటారా? అవి పుట్టిన చోట్లు వేరు. 1931 మే 13న అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి పై వాళ్ళకు ఒక మెమో రాశాడు. క్యామే సబ్బు సంగతి ఆయన చూసేవాడు. ఒక్కో బ్రాండ్‌కి పూర్తి బాధ్యత తీసుకుని, అది ఎక్కడ అమ్ముతోంది, ఎక్కడ అమ్మట్లేదు, ఎందుకు అని వెంటపడే మనుషులు కావాలన్నాడు. ప్రోడక్ట్ మేనేజర్ వంశం ఆ సబ్బు నుంచి మొదలైందని చెబుతారు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పెద్ద కట్టడాల నుంచి, రక్షణ రంగం నుంచి వచ్చింది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం పెర్ట్ అనే షెడ్యూలు పద్ధతి తయారుచేసుకుంది. వేల పనుల్లో ఏది ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో కనిపెట్టడానికి అది. 1969లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) అనే సంస్థ వచ్చింది, మీరు అడిగిన పీఎంపీ సర్టిఫికెట్ ఇచ్చేది ఆ సంస్థే.

ఇంతవరకూ బాగానే ఉంది. 1980ల్లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఎక్సెల్ తయారుచేసే రోజుల్లో, వాడేవాళ్ళకు ఏం కావాలో ఆలోచించి డెవలపర్లకు వివరంగా రాసిచ్చే మనిషికి ‘ప్రోగ్రామ్ మేనేజర్’ అని పేరు పెట్టారు. అంటే పని ప్రోడక్ట్‌కి దగ్గరగా, పేరు ప్రోగ్రామ్‌ది. చాలా ఏళ్ళు అలాగే నడిచింది. ఆ కంపెనీ 1998లో హైదరాబాద్‌లో సెంటర్ తెరిచింది, ఆ పేరూ ఇక్కడికి వచ్చింది. అందుకే మన ఊళ్ళో ఇద్దరు ప్రోగ్రామ్ మేనేజర్లు ఎదురుపడితే, ఒకరి పని ఇంకొకరికి అర్థం కాని పరిస్థితి ఇప్పటికీ ఉంది. దీనికి తోడు సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేసే స్క్రమ్ అనే పద్ధతి వచ్చాక ‘ప్రోడక్ట్ ఓనర్’ అని ఇంకో పేరు. కొన్ని కంపెనీల్లో ఆ ఓనర్ నిజంగా నిర్ణయించే మనిషి. చాలాచోట్ల మాత్రం అమెరికాలో ఎవరో నిర్ణయించినదాన్ని రాత్రి కాల్‌లో విని, పొద్దున్నే జిరా అనే పనుల జాబితా సాఫ్ట్‌వేర్‌లో టికెట్లుగా రాసే మనిషి. అది చెడ్డ పని అనను, కానీ ప్రోడక్ట్ అనుకుని చేరి రెండేళ్ళకు దిగులుపడ్డవాళ్ళను నేను చూశాను. కాబట్టి అమ్మా, ఆఫర్ లెటర్‌లోని పేరు పక్కన పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నాక మిమ్మల్ని ఎవరు ఏ ప్రశ్న అడుగుతారో చూడండి.

అలా చూస్తే మీ స్టార్టప్ ఆఫర్ నాకు వేరుగా కనిపిస్తోంది. ఫౌండర్ గారి మాట మీరే రాశారు: ఐడియాలు ఆయనవి, టైముకి చేయించడం మీది. అది ప్రాజెక్ట్ మేనేజర్ పని. ఏం చేయాలో నిర్ణయించేది ఆయనే అయితే, ఆ యాప్‌కి ప్రోడక్ట్ మేనేజర్ ఆయనే. చిన్న కంపెనీలో మొదట్లో అలా ఉండటం సహజం, ఆయన్ని తప్పు పట్టను. కానీ మీకు దొరికేది మాత్రం మీ కంపెనీ ఇస్తానంటున్న ప్రాజెక్ట్ మేనేజర్ పనే, దానికి తోడు చిన్న కంపెనీ రిస్కు.

అయినా వద్దని ఇప్పుడే చెప్పకండి. ఇంకోసారి మాట్లాడతానని అడగండి. ఆయన ముందు మూడు సంగతులు పెట్టండి. మొదటిది, ‘పోయిన ఆరు నెలల్లో మీరు చేయాలనుకుని, వాడేవాళ్ళతో మాట్లాడాక మానేసిన ఫీచర్ ఏదైనా ఉందా?’ ఉంటే ఆ కంపెనీలో వినే అలవాటు ఉన్నట్టు. రెండోది, ‘నేను నెలకు నాలుగు రోజులు స్కూళ్ళకు వెళ్ళి ఫీజు కౌంటర్ దగ్గర కూర్చుంటాను, ఫలానాది ఇప్పుడు వద్దు అని నాకు అనిపిస్తే నా మాట నిలుస్తుందా?’ మూడోది, ‘ఏడాది తర్వాత నేను బాగా చేశానని మీరు దేన్ని చూసి చెబుతారు?’ ‘రిలీజులన్నీ టైముకి వచ్చాయి’ అంటే ఒక అర్థం, ‘క్లర్కుల దగ్గర క్యూ తగ్గింది, తల్లిదండ్రులు యాప్‌లోనే కడుతున్నారు’ అంటే ఇంకో అర్థం. వీటితో పాటు కంపెనీ చేతిలో ఎన్ని నెలల జీతాలకు సరిపడా డబ్బుందో కూడా అడగండి. ఇంటి లోను ఉన్న మనిషి ఆ మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

మీ కంపెనీ ఇస్తానంటున్న ప్రమోషన్ గురించి ఒక్కటే అంటాను. మీ వారు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మనుషులు తెలుసు, క్లయింట్ తెలుసు, పాప చిన్నది. కానీ ‘మనకెందుకు’ అన్న చోటే మీరు ఇంకా పెద్ద కుర్చీలో కూర్చుంటారు. పైగా ఈసారి ఎవరైనా జూనియర్ మిమ్మల్ని అదే అడిగితే, ఆ మాట మీ నోటి నుంచి రావాల్సి వస్తుంది.

ఇక బ్యాంకు. ఇక్కడ నిజాయితీగా చెప్పాలి, ప్రోగ్రామ్ మేనేజర్ పని అందరికీ పడదు. పొద్దున హైదరాబాద్ టీమ్, మధ్యాహ్నం లండన్, సాయంత్రం అమెరికా. ఎవరూ మీ కింద ఉండరు, అందరి ఆలస్యాలూ మీ తలకు చుట్టుకుంటాయి. ఒక టీమ్ పచ్చ రంగు పెట్టిన గడి నిజంగా పచ్చదేనా అని మర్యాద చెడకుండా అడగడం తెలియాలి. గొంతు పెంచే మనిషికి ఈ పని పనికిరాదు, నొప్పించడం ఇష్టం లేక అడగకుండా ఊరుకునే మనిషికీ పనికిరాదు. మీరు టెస్టింగ్ నుంచి వచ్చారు. ‘అయిపోయింది’ అన్న మాటను చూడకుండా నమ్మని అలవాటు మీకు ఉంటుంది. అది ఇక్కడ పెద్ద బలం. బిజినెస్ అనలిస్ట్‌గా క్లయింట్ భాషా, డెవలపర్ల భాషా రెండూ తెలుసు. ఈ పని మీరు చేయగలరనే నా నమ్మకం.

మళ్ళీ ఆ కేకు దగ్గరికి వస్తాను. పని టైముకి అయిపోయాక కూడా ‘ఎవరైనా వాడుతున్నారా?’ అని ఏడాది నుంచి మనసులో పెట్టుకున్న మనిషికి, చివరికి కావాల్సింది ప్రోడక్ట్ పనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ ప్రశ్నను ఎవరూ నేర్పలేరు, అది మీలో ముందే ఉంది. మిగతావి, అంటే లెక్కలు చూడటం, ధరలు అర్థం చేసుకోవడం, వాడేవాళ్ళ దగ్గర నోరు మూసుకుని వినడం, వద్దని చెప్పడం, ఇవన్నీ నేర్చుకునేవే.

కాబట్టి నా సలహా ఇదీ. స్టార్టప్ ఆయన జవాబులు మనసుకు నచ్చేలా ఉండి, కనీసం ఏడాదిన్నర జీతాలకు డబ్బుంటే అక్కడికే వెళ్ళండి. జీతం ఇప్పటికంటే కొంచెం తక్కువైనా ఈఎంఐకి ఇబ్బంది లేనంతవరకూ ఫరవాలేదు. జవాబులు ఆ ఇంటర్వ్యూ మాటలాగే ఉంటే బ్యాంకులో చేరండి. అక్కడ చేరిన మొదటి నెలలోనే, మీ ప్రోగ్రామ్‌లో ప్రోడక్ట్ వాళ్ళు ఎవరో తెలుసుకుని వాళ్ళ రివ్యూల్లో కూర్చోవడం మొదలుపెట్టండి. సొంత సాఫ్ట్‌వేర్ చేసుకునే కంపెనీ లోపల ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి మారడం, వేరేవాళ్ళకు పని చేసిచ్చే సర్వీసెస్ కంపెనీ నుంచి నేరుగా మారడం కంటే తేలిక. రెండేళ్ళు పెట్టుకోండి. జీతాల సంగతికొస్తే, పేరును బట్టి కాక కంపెనీని బట్టే జీతం ఎక్కువ తేడా వస్తుంది. మూడు ఆఫర్లలో చేతికొచ్చే నెల జీతం ఎంతో కాగితం మీద రాసుకుని మీ వారితో కూర్చోండి. స్టార్టప్ వాళ్ళు షేర్లు ఇస్తామన్నా వాటిని ఆ లెక్కలో కలపొద్దు.

పీఎంపీ గురించి. డిగ్రీ ఉన్నవాళ్ళకు పరీక్ష రాయాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ అడుగుతారు. మీ పదవి పేరు ప్రాజెక్ట్ మేనేజర్ కాకపోయినా, మీరు నడిపిన పని ఉంటే చూపించొచ్చు. అందుకని ఏ నెలలో ఏ పని మీ చేతుల మీద నడిచిందో ఇప్పటినుంచే రాసిపెట్టుకోండి. ప్రాజెక్ట్ దారిలో, ముఖ్యంగా సర్వీసెస్ కంపెనీల్లో, దానికి విలువ ఉంది. ప్రోగ్రామ్ వైపు కొంత ఉపయోగం. ప్రోడక్ట్ ఇంటర్వ్యూలో దాన్ని అడిగినవాళ్ళను నేను చూడలేదు. అక్కడ అడిగేది ‘మీరు ఒక సమస్యను ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు, తర్వాత ఏం జరిగింది’ అని. అందుకే ఈ నెల ఫీజు కట్టి కోచింగ్‌లో చేరకండి. ఏ దారో తేలాక చూద్దాం.

ఈలోగా ఒక పని చేయండి. ఆ బీమా కంపెనీలో మీతో కాల్స్‌లో మాట్లాడిన వాళ్ళు ఎవరైనా ఉంటారు కదా. మీ మేనేజర్‌కి చెప్పే, ‘మనం చేసిన స్క్రీన్లు రోజుకు ఎంతమంది తెరుస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు’ అని ఒక మెయిల్ పెట్టండి. జవాబు వస్తే మీకు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక నిజమైన కథ దొరుకుతుంది. రాకపోతే పోయేదేమీ లేదు.

మీ నోటీసు పీరియడ్ 90 రోజులు ఉండొచ్చు, బ్యాంకు వాళ్ళు అంతవరకూ ఆగుతారో లేదో ఈ వారమే కనుక్కోండి. ఫౌండర్ గారిని కలిశాక నాకు మళ్ళీ రాయండి. ఆ రెండో ప్రశ్నకు ఆయన ఏమన్నారో మాత్రం పొల్లుపోకుండా ఆయన మాటల్లోనే రాయండి.